పదిమంది పనికి ఒక బాధ్యుడు

ఇల్లు కట్టేచోట తాపీ పనివాడు, వడ్రంగి, కరెంటు పనివాడు ఎవరి పనిలో వారు నేర్పరులే. అయినా గోడకు సున్నం వేసిన తరువాత కరెంటు పనివాడు వచ్చి ఆ గోడను తొలిస్తే, చేసిన పనే మళ్ళీ చేయవలసి వస్తుంది. ఇక్కడ ఎవరి నైపుణ్యంలోనూ లోపం లేదు. ఏది ముందు, ఏది తరువాత అని నిర్ణయించి, పని మొత్తాన్ని కనిపెట్టి చూసే వ్యక్తి లేకపోవడమే లోపం.

కంప్యూటర్ వ్యవస్థల నిర్మాణానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక సంస్థ కొత్త వ్యవస్థను నెలకొల్పుకొనేటప్పుడు ప్రోగ్రాములు రాసేది ఒక కంపెనీ, సర్వర్లు సమకూర్చేది మరొక కంపెనీ కావచ్చు. సంస్థ సిబ్బందికి దైనందిన కార్యాలతోనే తీరిక ఉండదు. అందువల్ల అనేక సంస్థలు అనుభవజ్ఞులైన ప్రాజెక్టు మేనేజర్లను బయటి నుంచి నిర్ణీత కాలానికి నియమించుకుంటాయి. పని పరిధిని, గడువులను నిర్ణయించడం, పరీక్షలు జరిపించడం, రాబోయే చిక్కులను ముందుగా హెచ్చరించడం వారి విధులు.

ఇటువంటి నాయకత్వం లోపిస్తే ఏమవుతుందో అమెరికాలో 2013లో జరిగిన ఒక సంఘటన తెలియజేస్తుంది. ప్రజలు ఆరోగ్య బీమా కొనుక్కొనేందుకు అక్కడి ప్రభుత్వం అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటును ప్రారంభించింది. దాని నిర్మాణంలో ముప్పైకి పైగా కంపెనీలు పాల్గొన్నాయి. వాటన్నింటినీ సమన్వయపరచే బాధ్యతను ప్రభుత్వ విభాగమే తనపై వేసుకొంది. లక్షలాది మంది ప్రయత్నించగా తొలిరోజున నమోదు పూర్తిచేసుకోగలిగిన వారు ఆరుగురు మాత్రమే. కొత్త సంవత్సరం నుంచి బీమా రక్షణ పొందాలంటే డిసెంబరులోగా నమోదు కావాలి. బీమా లేనివారి ఆశలన్నీ ఆ వెబ్‌సైటుపైనే నిలిచాయి.

అక్టోబరు చివరలో ప్రభుత్వం యాజమాన్య నిపుణుడైన జెఫ్రీ జైంట్స్‌కు మరమ్మతు పర్యవేక్షణను అప్పగించింది. నిర్మాణంలో పాల్గొన్న కంపెనీలలో ఒకటైన క్యూఎస్ఎస్ఐని అందరిపై ప్రధాన నిర్వాహకునిగా నియమించింది. గూగుల్ ఇంజనీరు మైకీ డికర్సన్ వంటి బయటి నిపుణులు వచ్చి చేరారు. వ్యవస్థ ఎక్కడ నెమ్మదిస్తున్నదో ఎప్పటికప్పుడు చూపే తెర కూడా అంతవరకు లేదు. వారు మొదట దానిని ఏర్పాటు చేశారు. ప్రతిదినం జరిగే సమావేశాలకు మూడు నియమాలు విధించారు. సమావేశం సమస్యలను పరిష్కరించడానికే గాని, నిందలు మోపడానికి కాదు. పదవిలో పెద్దవాడు కాక, విషయం బాగా తెలిసినవాడే మాట్లాడాలి. రాబోయే ఒకటి రెండు రోజులలో హాని కలిగించగల సమస్యలనే ముందుగా చర్చించాలి.

నవంబరు ముగిసేనాటికి నాలుగు వందలకు పైగా దోషాలు సవరింపబడ్డాయి. ఒక పేజీ తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పట్టేది, ఒక సెకను లోపునకు తగ్గింది. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాల సొంత వెబ్‌సైట్లతో కలిపి, సుమారు 80 లక్షల మంది బీమా పథకాలను ఎంచుకొన్నారు. స్పష్టమైన నాయకత్వం లేకపోవడమే తొలి వైఫల్యానికి ముఖ్యకారణమని 2016లో ప్రభుత్వ తనిఖీ నివేదిక తేల్చింది.

వ్యవస్థను సరిదిద్దినవారిలో దానిని మొదట నిర్మించిన ఇంజనీర్లు అనేకులు ఉన్నారన్నది గమనింపదగిన విషయం. మారినది పని జరిగే తీరు. బయటి నిపుణునికి పాత పొరపాట్లను కప్పిపుచ్చవలసిన అవసరం ఉండదు. పై అధికారికి వెరచి సిబ్బంది చెప్పలేని మాటను అతడు చెప్పగలడు. అయితే అతనికి నిర్ణయాధికారం ఇవ్వకపోతే అతని సలహా కాగితానికే పరిమితమవుతుంది. అతడు వెళ్ళిపోయేలోగా సంస్థ సిబ్బంది ఆ పద్ధతులను నేర్చుకోకపోతే పాత కష్టాలే తిరిగి వస్తాయి. నైపుణ్యాన్ని బయటి నుంచి తెచ్చుకోవచ్చు గాని, లక్ష్యాన్ని నిర్ణయించి దానికి జవాబుదారీ వహించవలసినది మాత్రం సంస్థయే.