కాటుకయు, కారుదలయు

వరంగల్లులోని కాశిబుగ్గ పేరులోనే ఒక బుగ్గ యున్నది. బుగ్గ యనగా నేలలోనుండి తనంతట తానుబుకు నీటి ఊట. నీరూరిన చోట ఊరు వెలయును, అది శుభము. అట్టి ఊరిలో రాత్రివేళ వసారాలో నిలిపిన పాత మోటారుసైకిలు క్రింద ఒక్కొక్క చుక్కగా పెట్రోలు ఊరుటయో, అశుభము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకెగిరిపోక గచ్చు వెంబడి పాకి, గడప దాటి, నేలపై వెలుగు దీపము దాక పోగలదు. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు ఆవిరి కలిసిన చాలు, నిప్పురవ్వకు అంటుకొనును. మైనస్ 40 డిగ్రీల చలిలో సైతము మండదగిన ఆవిరిని విడుచు ద్రవము, ఓరుగల్లు వేసవిలో ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

కాశిబుగ్గ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు చేరువ. ప్రత్తి, మిరప అమ్మకొనుటకు రైతులు వచ్చు ఇట్టి తావులలో పాత బండి పలువురకు బ్రతుకుతెరువు. 1955లో మదరాసున కూర్పు మొదలైన బుల్లెట్టు, 1961 నుండి మైసూరున తయారైన జావా, 1962లో వచ్చిన రాజ్‌దూత్, 1985లో వచ్చిన ఆర్.ఎక్స్. 100 మన పల్లెబాటలకు అలవాటైన పేర్లు. మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. నాటి రాజ్‌దూత్, ఆర్.ఎక్స్. 100 బండ్ల తయారియు ఏనాడో ఆగినది. తయారి ఆగిన యంత్రమునకు ఆయుష్షు పోయు భారము మరమ్మతు చేయు చేతిపై పడును. ఆ చేతికి తరచుగ వచ్చు ఫిర్యాదులు రెండు: లోపల కార్బను పట్టినది, వెలుపల పెట్రోలు కారుచున్నది. చూచుటకు ఇవి రెండును వేరు రోగములు. కాని పలుమార్లు రెంటికిని మూలమొక్కటే. అది కొలత తప్పుట.

ముందుగా కార్బను సంగతి. ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి కాటుక పట్టు విధము మన ఇండ్లలో పెద్దవారెరుగుదురు. మంటకు గాలి చాలనిచో నూనెలోని కర్బనము పూర్తిగ కాలక, నల్లని పొడియై పళ్లెమునకంటుకొనును. ఇంజనులో జరుగునదియు ఇదియే. ఒక గ్రాము పెట్రోలు చక్కగ కాలుటకు దాదాపు 15 గ్రాముల గాలి కావలెను. గాలి వడపోసెడి ఫిల్టరు దుమ్ముతో పూడినను, పెట్రోలు పాలు హెచ్చినను కాటుక పట్టుట మొదలగును. టూ స్ట్రోకు ఇంజనులలో ఈ బాధ మరింత యధికము. రాజ్‌దూత్, జావాలలో ఇంజనునూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు. ఆ నూనె బోరును తడుపుచు పెట్రోలుతోపాటు తానును కాలవలసియున్నది. కాలక మిగిలినది పిస్టను నెత్తిపైనను, హెడ్డు లోపలను, పొగ వెడలు ద్వారము చుట్టును, సైలెన్సరు కడుపులోను పేరుకొని అట్టలు కట్టును.

దీని లక్షణములు గురుతింపదగినవి. మిట్ట ఎక్కునపుడు బండి లాగదు. కార్బను పొరవలన మంటగదిలో చోటు తగ్గి, ఒత్తిడి పెరిగి, టకటకమను చప్పుడు వినవచ్చును. తాళము తిప్పి ఆపిన పిదపను ఇంజను రెండు మూడు మారులు కొట్టుకొనుట కలదు. ఎఱ్ఱగ కాలిన కార్బను, స్పార్కు ప్లగ్గు చేయవలసిన పనిని తానే చేయుచున్నదని దాని యర్థము. వైద్యుడు నాలుక చూచునట్లు మెకానిక్కు ప్లగ్గు విప్పి చూచును. లేత ఇటుకరంగు ఆరోగ్యము. పొడినలుపు పెట్రోలు హెచ్చినదనుటకు గురుతు. జిడ్డునలుపు నూనె హెచ్చినదనుటకు గురుతు. సున్నమువంటి తెలుపు కనిపించినచో పెట్రోలు చాలక వేడి మీరినదని తెలియవలెను.

కార్బను తీయుట మోటుపని కాదు. ఇంజను పూర్తిగ చల్లారిన పిమ్మట హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. ఒకవైపే విప్పినచో అల్యూమినియము హెడ్డు వంకరపోవును. పిస్టనును పైకి తెచ్చి, దాని అంచు చుట్టును గల సందును గుడ్డతో మూసి, అట్టలను కిరోసినుతో నానబెట్టవలెను. గీకుటకు గట్టి కొయ్యముక్క మేలు. ఉక్కు స్క్రూడ్రైవరు మెత్తని అల్యూమినియముపై గీట్లు పెట్టును. ఆ గీట్లలోనే మరల కార్బను త్వరగ నాటుకొనును. పాత ఇంజనులో పిస్టను అంచున సన్నని కార్బను వలయమును కదల్పక వదలుట వెనుకటి పనివారి యాచారము. అరిగిన బోరులో ఆ వలయము నూనె పైకి రాకుండ కొంత అడ్డుపడునని వారి యనుభవము. ఎంత తీయవలెనో తెలియుట ఒక నేర్పు; ఎచట ఆగవలెనో తెలియుట అంతకు మించిన నేర్పు.

సైలెన్సరు లోపలి ఇనుప గొట్టమును కాస్టిక్ సోడా ద్రావణములో నానవేసి కడుగుట కలదు. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు లేక ఆ పనికి పూనుకొనరాదు. అదే ద్రావణములో పిస్టనునుగాని, హెడ్డునుగాని ముంచరాదు. అల్యూమినియము సోడాతో కలిసి కరగి, హైడ్రోజను వాయువును వెడలించును. రసాయనశాస్త్రపు తరగతిలో పలకపై వ్రాయు సమీకరణము ఇచట బండి యజమానికి నష్టముగా పరిణమించును.

ఇక కారుదల. దీని చికిత్స కారుచోటును కనుగొనుటతో మొదలగును. తడి అంతయు తుడిచి, అనుమానమున్న తావున బడిలోని సుద్దముక్క పొడిచేసి చల్లినచో, ఎచట మొదట తడియునో అచటనే లోపమున్నది. పాత బండ్ల పెట్రోలు కాకులో బెండు వాషరుండును. బండి కొన్ని నెలలు ఎండిన ట్యాంకుతో నిలిచినచో బెండు ఎండి ముడుచుకొనును. దానిని గోరువెచ్చని నీటిలో నానవేసినచో పలుమార్లు మరల ఉబ్బి సరిపోవును. నానవేయక నట్టును బలముగ బిగించువాడు బెండును నలిపి, చుక్కను ధారగా మార్చును. ట్యాంకుకే కన్నము పడినపుడు దారిలో సబ్బు రుద్ది ఇల్లు చేరుట వాడుక. సబ్బు పెట్రోలులో కరగదు గనుక కొంతసేపు నిలుచును. ఆ కన్నమునకు మాటు వేయునపుడు మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము, ఏలయన దానిలో ఆవిరి నిండియుండును. నీటితో పలుమార్లు కడిగి ఆవిరిని వెడలగొట్టనిదే నిప్పును దానికి చేరువ చేయరాదు.

కార్బురేటరు పొంగి కారుట మరియొక విధము. దాని తొట్టిలో ఫ్లోటు అను బోలు బుర్ర పెట్రోలుపై తేలుచు, తగినంత నిండగనే సూదిని పైకి నెట్టి ద్వారము మూయును. సూది మొనలో నలక చేరినను, ఇత్తడి బుర్రకు సన్నని కన్నము పడినను ద్వారము మూతపడదు. బుర్రను విప్పి వేడినీట ముంచినచో లోపలి గాలి వ్యాకోచించి, కన్నమున్న చోట బుడగలు వెడలును. లోని పెట్రోలును పూర్తిగ తీసి, ఆరబెట్టి, తగరపు మాటు వేయుదురు. ఇచటనే అసలు మెలకువ యున్నది. మాటులో లోహము ఎక్కువైనచో బుర్ర బరువెక్కును. బరువెక్కిన బుర్ర లోతుగ మునుగును, తొట్టిలో మట్టము పెరుగును, పెట్రోలు పాలు హెచ్చును, ప్లగ్గు నల్లబడును. కారుదల మాన్పబోయి కాటుకను తెచ్చుకొన్నట్లగును. కావుననే మొదట కారుదలను సరిచేసి, మట్టము చూచి, పిమ్మట కార్బను తీయుట క్రమము. క్రమము తప్పించిన పని కొన్నాళ్లకే తిరిగివచ్చును.

ఇటీవల ఈ పనికి ఒక కొత్త చిక్కు తోడైనది. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము గలది. పాత రబ్బరు గొట్టములను, వాషర్లను కొన్నింటిని ఉబ్బించి చెడగొట్టును. దినములకొలది కదలక నిలిచిన ట్యాంకులో నీరు అడుగున చేరి త్రుప్పు పుట్టించును. పాత బండిని ఉంచుకొనువారు ఇథనాలుకు తాళు గొట్టములను వేయించుట, నిలువ పెట్రోలును ట్యాంకులో ఉంచకుండుట అవసరము.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నియమములు అమలైన పిదప వచ్చిన మోటారుసైకిళ్లలో చాలవాటికి కార్బురేటరు లేదు. పెట్రోలు కొలతను విద్యుత్పరికరమే చూచుకొనును. ఫ్లోటునుగాని, సూదినిగాని చూడని బాలురు పెరుగుచున్నారు. పనికిరాదని షెడ్డు మూలను పడవేసిన పాత కార్బురేటరును ఉపాధ్యాయులొకటి సంపాదించి, నీటితో నింపి తరగతిలో చూపవచ్చును. తేలుట, వ్యాకోచము, దహనమునకు గాలి కొలత, ఈ మూడు పాఠములును అరచేతిలో పట్టు ఆ లోహపు ముద్దలో నున్నవి. వాటిని నేర్చిన విద్యార్థి తన ఇంటి వసారాలో పెట్రోలు వాసన వచ్చిననాడు దీపము వెలిగింపడు. ముందు కాకు కట్టి, తలుపులు తెరచి, బండిని ఆరుబయటికి త్రోయును.