నిత్యసేవకు పందెపు గుర్రము

గుర్రములలో పందెమునకు పెంచునవి వేరు, జట్కాకు కట్టునవి వేరు. మొదటిదానికి మేత వేరు, సాకుడు వేరు, రౌతు వేరు. రెండవది ఎండకు ఎండి, వానకు తడిసి, దొరికిన గడ్డి మేసి సంసారమును మోయును. ఈ జాతిభేదమును మోటారు యుగము కూడ యథాతథముగా స్వీకరించినది. పందెపు మైదానమునకు చేరువగా నిర్మింపబడిన స్పోర్ట్సు కారు ఒక జాతి. ఉదయము ఆఫీసునకు పోయి సాయంకాలము కూరగాయల సంచితో ఇంటికి వచ్చు కారు మరియొక జాతి. ఈ రెండును ఒకే బండియందు ఇముడునా అను ప్రశ్న పైకి శ్రీమంతుల ముచ్చటగా కనబడవచ్చును. కాని దాని అడుగున ఒక గట్టి విషయము కలదు: ఒక వస్తువు తన విద్యయందు శిఖరము నందుకొనవలెనన్న, నిత్యజీవితమునకు పనికిరాకుండ పోవలసినదేనా?

పనికిరాకపోవుటకు కారణములు లేకపోలేదు. ఇంజను నుండి అధికశక్తిని రాబట్టవలెనన్న దానిని అతివేగముగా తిప్పవలెను. ఆ వేగమున గాలియు పెట్రోలును సిలిండరులోనికి చాలినంత చొరబడుటకు వాల్వులు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తున తెరచుకొని యుండవలెను. అట్టి ఇంజను మెల్లగా తిరుగవలసి వచ్చినపుడు ఊపిరాడక తడబడును. ట్రాఫిక్ దీపముల కడ నిలిచి నిలిచి కదలునపుడు కుదుపులు పెట్టును. అంతటి శక్తి జారిపోకుండ చక్రములకు అందవలెనన్న క్లచ్ బిగువుగా నుండవలెను. గంటల తరబడి దానిని త్రొక్కినవాని ఎడమకాలే అందుకు సాక్ష్యము చెప్పును. మలుపులలో బండి ఒరగకుండుటకు గట్టి స్ప్రింగులు వేయుదురు. దారిలోని గతుకులన్నియు నడుమునకు తెలియును. గాలిని చీల్చుకొని పోవుటకు బండిని నేలకు హత్తింతురు. స్పీడు బ్రేకరు కడ దాని కడుపు రాచుకొనును.

ఈ లోపములను ఆభరణములుగా ధరించిన బండి ఇటలీ దేశపు లంబోర్గిని కౌంటాక్. 1974 మొదలు 1990 వరకు తయారైన ఈ కారు ఎత్తు ఒక మీటరు ఏడు సెంటీమీటర్లు మాత్రమే. వెనుక ఏమున్నదో లోపల కూర్చున్నవానికి సరిగా కనబడదు. వెనుకకు నడుపవలసి వచ్చినపుడు తలుపును పైకెత్తి, గడపవంటి అంచుపై కూర్చుండి, తల బయట పెట్టి చూచుచు నడుపుట దాని యజమానులకు వాడుకయైనది. విచిత్రమేమనగా, ఈ అవస్థ ఆ బండి ప్రతిష్ఠను తగ్గింపలేదు, పెంచినది. కష్టపెట్టునదే గొప్పదను భ్రమ మనుష్యులలో చాల పాతది. అర్థము కాని పద్యమును, మ్రింగుడు పడని మందును పొగడువారు అన్ని కాలములందును కలరు.

ఈ భ్రమకు లొంగని బండి అంతకు పూర్వమే జర్మనీలో పుట్టియున్నది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనబడిన పోర్షె 911 అది. దాని ఇంజను వెనుక చక్రములకు ఆవల నున్నది. సామాను పెట్టుకొను చోటు ముందుభాగమున నున్నది. వెనుక రెండు చిన్న సీట్లు అమర్చిరి. వానిలో పెద్దలు సుఖముగా కూర్చుండలేరు గాని పిల్లలు కూర్చుండగలరు. ఆ రెండు చిన్న సీట్లే దానిని సంసారుల పంక్తిలో చేర్చినవి. ఈ బండియే 1968, 1969, 1970 సంవత్సరములలో వరుసగా మాంటెకార్లో ర్యాలీని గెలిచినది. దాని రూపాంతర మొకటి 1984లో పారిస్ నుండి డకార్ వరకు ఎడారిలో సాగిన పందెమును గెలిచినది. 2017లో పదిలక్షలవ 911 కర్మాగారము నుండి వెలువడినది. అయినను పాత 911కు ఒక పెంకెతనము ఉండెడిది. తోకభాగము బరువగుటచే, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు వదలినచో వెనుకభాగము పక్కకు దూకజూచెడిది. నేర్చినవానికి అది లొంగును, నేర్వనివానిని శిక్షించును.

నేర్పు చాలనివానిని కూడ మన్నించు పందెపు బండిని చేయవలెనను సంకల్పము జపానులో హోండా సంస్థకు కలిగినది. 1989లో చికాగో ప్రదర్శనలో నమూనాగా కనబడి, 1990లో అమ్మకమునకు వచ్చిన ఆ బండి పేరు ఎన్.ఎస్.ఎక్స్. నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఇంజనీరు షిగేరు ఉయెహారా. అప్పటికి ఫార్ములా వన్ పందెములలో హోండా ఇంజన్లకు ఎదురులేదు. 1988లో జరిగిన 16 పందెములలో 15 పందెములను మెక్లారెన్-హోండా కార్లే గెలిచినవి. అట్టి సంస్థ తలచుకొన్నచో భయంకరమైన బండి నొకదానిని చేయుట కష్టము కాదు. దినదినము నడుపదగినదానిని చేయుటయే కష్టము.

ఆ కార్ల రౌతులలో నొకడైన బ్రెజిల్ వీరుడు ఐర్టన్ సెన్నా 1989లో సుజుకా మైదానమున ఈ నమూనాను నడిపి, చట్రము పెళుసుగా నున్నదని పెదవి విరిచెను. ఇంజనీర్లు చిన్నబుచ్చుకొనలేదు. బండిని జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ మార్గమునకు కొనిపోయి, నెలల తరబడి నడిపి, ఎక్కడెక్కడ వంగుచున్నదో కనిపెట్టి, దాని గట్టిదనమును దాదాపు 50 శాతము పెంచిరి. శరీరమంతయు అల్యూమినియముతో చేయుటచే బండి మొత్తము బరువు 1,350 కిలోలకు మించలేదు. ఎఫ్-16 యుద్ధవిమానపు గాజుగదిని ఆదర్శముగా గొని, డ్రైవరునకు చుట్టును చూపు సాగునట్లు కిటికీలను అమర్చిరి. కౌంటాక్ యజమాని తల బయట పెట్టి చూడవలసినదానిని, ఇచట సీటులో కూర్చుండియే చూడవచ్చును.

ఇక వాల్వుల చిక్కును విప్పిన తీరు మెచ్చదగినది. మూడు లీటర్ల ఈ ఇంజనునందు వాల్వులను తెరచు క్యాములు రెండు విధములుగా నున్నవి. నిమిషమునకు 5,800 చుట్ల వరకు పొట్టి క్యాములు పనిచేయును. ఇంజను అణకువగా తిరుగును. ఆ వేగము దాటగానే చమురు ఒత్తిడిచే చిన్న పిన్నులు కదలి పొడుగు క్యాములను పనిలోనికి తెచ్చును. ఇంజను 8,000 చుట్ల వరకు విజృంభించి 280 అశ్వశక్తి నిచ్చును. వీధిలో ఆవు, మైదానములో పులి. ఒకదాని కొరకు మరియొకదానిని బలి పెట్టవలసిన పని లేకపోయినది.

లోపములు లేవని కాదు. ఇంజను వెనుకనున్న డిక్కీలో గోల్ఫ్ సంచి పట్టును గాని, అది ఇంజను వేడికి కాగును. అందులో ఐస్‌క్రీము పెట్టినవాడు ఇంటికి పాలు తెచ్చుకొనును. తొలి బండ్లలో వెనుక టైర్లు త్వరత్వరగా అరిగెడివి. మూడవ మనిషికి చోటు లేదు. అయినను బండి ఉదయము తాళము త్రిప్పగానే లేచును, ట్రాఫిక్కులో కాగిపోదు, వానకు అలుగదు. మెక్లారెన్ సంస్థలో నుండిన ప్రఖ్యాత నిర్మాత గోర్డన్ మర్రే దీనిని స్వయముగా కొని, ఏడేండ్లలో దాదాపు 75,000 కిలోమీటర్లు నడిపెను. 1992లో ఆయన వెలువరించిన మెక్లారెన్ ఎఫ్1 తన కాలమున లోకములోని కార్లన్నిటిని వేగమున మించినది. అయినను అందులో ముగ్గురికి సీట్లు, సామానునకు చోటు, చల్లగాలి యంత్రము అమర్చుట ఆయన మరువలేదు. ఈ హోండా నుండి తాను పాఠము నేర్చుకొంటినని ఆయన దాపరికము లేకుండ చెప్పెను.

నిర్మాత మెచ్చెను, కొనువారు మాత్రము తడవుకొనిరి. ఇటలీ బండ్లలోని ఉద్రేకము ఇందులో లేదనియు, ఇది మరీ సాధువనియు విమర్శకులు కొందరు పలికిరి. పెరటిచెట్టు మందుకు రాదన్నట్లు, ఇబ్బంది పెట్టని బండి గొప్పదని నమ్ముటకు మనసొప్పలేదు. చివరి ఏండ్లలో అమ్మకములు మిక్కిలి పడిపోయి, 2005లో తయారీ నిలిచెను. అప్పటికి తయారైనవి పదునెనిమిది వేలకు కొంచెము పైగా మాత్రమే.

ఇచట ఒక సందేహమునకు జవాబు చెప్పవలసి యున్నది. రహదారిపై వేగమునకు హద్దు కలదు. జపానులో అమ్మిన ఎన్.ఎస్.ఎక్స్. బండ్లకు 180 కిలోమీటర్ల కడ కళ్ళెము బిగించియే అమ్మిరి. ఆఫీసునకు పోవువానికి అంతటి శక్తి వృథాయే గదా? శక్తి మట్టునకు వృథాయే. దానిని వీధిలో వెలికితీయజూచువాడు తనకును, దారిన పోవు బాటసారికిని శత్రువు. కాని వేగమును భరించుటకై సమకూర్చిన ఇతర గుణములు వృథా కావు. కచ్చితముగా పట్టు బ్రేకు, చేతికి నేలను తెలుపు స్టీరింగు, చుట్టును కనబడు కిటికీ గంటకు 40 కిలోమీటర్ల నడకలోను అక్కరకు వచ్చును. నిత్యము నడుపువానికి దక్కునది ఆ గుణములే గాని గరిష్ఠవేగము కాదు. ఆ భేదము తెలిసినవాడే అట్టి బండికి తగినవాడు.

కాలము ఈ కథను మరియొక మలుపు త్రిప్పినది. ఆనాడు కొనుటకు వెనుదీసిన బండినే నేడు అధికమూల్యమిచ్చి కొనుచున్నారు. కొని, కిలోమీటర్లు పెరిగినచో ధర తగ్గునని షెడ్డులో పెట్టి తాళము వేయువారును కలరు. నడుపని బండి నిలుచునని వారి నమ్మకము. యంత్రధర్మము అందుకు విరుద్ధము. కదలని టైరు ఒకవైపు అణగి చదునగును, చమురు తగులని రబ్బరు సీళ్ళు ఎండి పగులును, పెట్రోలు పాతబడి చెడును, బ్యాటరీ చచ్చును.

ఈ సంగతి నిర్మించినవారికి తెలియును. 1993లోనే హోండా సంస్థ, నడిచి నడిచి అలసిన ఎన్.ఎస్.ఎక్స్. బండ్లను తిరిగి రప్పించుకొని, అరిగిన భాగములను మార్చి, మరల దారికి పంపు ఏర్పాటు నొకదానిని జపానులో ఆరంభించినది. తాము చేసినది అరుగుననియు, అరుగవలెననియు వారు ముందే ఎంచుకొనిరి. తాళము వేసి దాచువారు ఆ బండి వెలను కాపాడుచున్నారు. ప్రతి ఉదయము దానిని వీధిలోనికి తెచ్చువారు, అది ఎందుకు పుట్టినదో ఆ పనిని దానిచే చేయించుచున్నారు.