అద్దం పగిలింది సరే, తలుపు వేసి ఉందా?

2023 వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో చూపిద్దామని తీసుకెళ్ళాం. పేలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ దగ్గర కారు ఆపి, ఆ కొలను చుట్టూ ఓ అరగంట తిరిగొచ్చేసరికి వెనక కిటికీకి అద్దం లేదు. సీటంతా పటికబెల్లం పలుకులు ఒలకబోసినట్టుంది. కారు ముందద్దంలో రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడి పడదు. పక్కద్దాలు చాలా కార్లలో ఒంటి గాజే. ఒక్కచోట గట్టిగా తగిలితే మొత్తం పలుకులై రాలిపోతుంది. పోయింది ఒక సంచీ. అందులో ఓ శాలువా, పులిహోర పెట్టిన స్టీలు డబ్బా.

"ఇంతమంది తిరుగుతున్నారు, ఒక్కరూ చూళ్ళేదుట్రా?" అంది అమ్మ.

ఆమె లెక్క ఆమెది. తెనాలిలో మా వీధిలో కొత్త మనిషి రెండుసార్లు అటూ ఇటూ నడిస్తే మూడోసారికి ఎవరో ఒకరు "ఎవరింటికండీ?" అని అడుగుతారు. ఇక్కడ ఆ వీధి లేదు. పక్కన కారెక్కుతున్న జంట "అయ్యో" అనేసి వెళ్ళిపోయారు. 911 ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు చేయాల్సిన నంబరు. దొంగ వెళ్ళిపోయాక మిగిలేది ఆన్‌లైన్ ఫారం. పోయిన వస్తువుకి గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగితే, మూత మీద తెలుగులో నాన్న పేరు చెక్కి ఉందని రాశాను. ఆ నగరంలో ఒక్క 2017లోనే 30 వేలకు పైగా కార్లు ఇలా పగిలాయి. వాటిలో అరెస్టుల దాకా వెళ్ళినవి నూటికి రెండు మూడుకు మించలేదు. ఈమధ్య బాగా తగ్గాయనుకోండి.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ఫారంలో తర్వాతి ప్రశ్న: కారు తలుపులు లాక్ చేసి ఉన్నాయా? అద్దం పగలగొట్టాడు మొర్రో అంటుంటే ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఎగతాళేమీ కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం కారులో చోరీని బర్గలరీ అనాలంటే తలుపులు తాళం వేసి ఉన్నాయని రుజువు చేయాలి. దొంగ అద్దంలోంచి చెయ్యి పెట్టి తలుపు తీసేసుకుంటే, అంతకుముందు అది వేసి ఉందని ఎవరు చెప్పాలి? కారు మనిషే కోర్టుకొచ్చి చెప్పాలి. ఆ కార్లలో చాలానే టూరిస్టులు అద్దెకు తీసుకున్నవి. టోక్యోకో టెక్సాస్‌కో వెళ్ళిపోయినవాళ్ళు పగిలిన అద్దం కోసం విమానమెక్కి రారుగదా. కేసు అక్కడే చచ్చేది. ఈ కంత పూడ్చడానికి 2024లో ఎస్‌బీ 905 అనే చట్టం తెచ్చారు. 2025 జనవరి నుంచి, దొంగతనం కోసం బలవంతంగా కారులోకి చొరబడ్డాడని తేలితే చాలు.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ సంగతి ఎవరూ రాయరు. అక్కడ తిరిగేది వేరే మాట: "కాలిఫోర్నియాలో 950 డాలర్ల లోపు దొంగతనం నేరమే కాదట, ప్రాపొజిషన్ 47 పుణ్యమాని." శుద్ధ తప్పు. 2014లో జనం ఓటేసి తెచ్చిన ఆ చట్టం ప్రకారం అది చిన్న నేరం, అంతే. దానికీ ఆరు నెలల దాకా జైలుంది. పదే పదే దొంగిలించేవాళ్ళకు 2024లో మళ్ళీ ఓటేసి శిక్ష పెంచారు కూడా. ఆ వాట్సాప్ మాట నమ్మి "అందుకే డాలస్ వెళ్ళిపోతున్నాం" అనే మిత్రులకు నేను వినయంగా చెప్పేదొకటుంది: టెక్సాస్‌లో దొంగతనం పెద్ద నేరం కావాలంటే 2,500 డాలర్లు దాటాలి! డాలస్‌లో ఇళ్ళు చవకని వెళ్ళండి, కాదనను.

ఆ చిన్న నేరం కూడా అందరికీ ఒకే బరువు కాదు. షాపులో స్వయంగా బిల్లు చేసుకునే యంత్రం దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచీలో వేసుకున్న కుర్రాడు ఇక్కడి పౌరుడైతే జరిమానాతో బయటపడొచ్చు. మన స్టూడెంట్ అయితే అరెస్టయినందుకే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకుంది. వలస చట్టం దొంగతనాన్ని నైతిక పతనపు నేరాల్లో లెక్కేస్తుంది. వస్తువు ఖరీదు ఇరవై డాలర్లే కావచ్చు.

ఈ భయమే తిరగబడి, దోపిడీకి గురైనవాళ్ళ నోరూ నొక్కేస్తోంది. "హెచ్1బీ మీదున్నాం, పోలీసులతో మనకెందుకు?" అని ఊరుకున్న కుటుంబాలు నాకు తెలుసు. నా వస్తువు పోయిందని రిపోర్టు ఇస్తే వీసాకు ఏ మచ్చా రాదు. ఇవ్వకపోతేనే నష్టం. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు ఎప్పుడో తెలిసిపోయింది. పెళ్ళిళ్ళ రోజుల్లో, దీపావళికి జాగ్రత్త అని చాలా ఊళ్ళ పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. పోయాక ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది రిపోర్టు నంబరే. అదుంటే ఇచ్చేదెంత? నగల దొంగతనానికి మామూలు పాలసీల్లో పరిమితి చాలావరకు 1,500 డాలర్లు. మంగళసూత్రం గొలుసుకే చాలదు. అంతకు మించినదానికి విడిగా కవరేజీ తీసుకోవాలి.

అమ్మ డబ్బా దొరకలేదు. అద్దం డబ్బులు చేతినుంచే పెట్టుకున్నాను. మీరు మాత్రం నగలన్నీ ఫోటోలు తీసి, బిల్లులు స్కాన్ చేసి, పాలసీలో ఆ పరిమితి ఎంతుందో ఈ రాత్రే చూసుకోండి.