చేదు పండు... చిక్కని సూప్

చూడ్డానికి పుచ్చకాయే. నోట్లో పెట్టుకుంటే మాత్రం చేదు. అందుకే పశ్చిమ ఆఫ్రికాలో ఆ గుజ్జును ఎవరూ తినరు. కాయలు పగలగొట్టి, కుప్పపోసి కుళ్లనిస్తారు. గుజ్జు కరిగాక గింజలు ఏరి, కడిగి, ఎండబెడతారు. అవే ఎగుసి గింజలు. నైజీరియా ఇళ్లలో, పెళ్లి విందుల్లో ఘుమఘుమలాడే ఎగుసి సూప్‌కి ప్రాణం అవే.

అసలు కష్టం పొట్టు తీయడంలో ఉంది. ఒక్కో గింజనూ గోటితో చిట్లించి, లోపలి తెల్లని పప్పు విరగకుండా తీయాలి. ఈ పని చాలావరకు ఆడవాళ్లదే. ఆ సూప్‌ని మెచ్చుకునేవాళ్లు ముందుగా తలచుకోవాల్సింది ఆ వేళ్లనే.

పప్పులో దాదాపు సగం నూనె. నాలుగో వంతుకు పైగా మాంసకృత్తులు. సూప్ చిక్కబడటానికి మరే పిండీ కలపక్కర్లేదు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఆఫ్రికా కూరగాయల మీద వెలువరించిన సంపుటంలో ఎగుసికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది.

ఎర్ర పామాయిల్ కాగాక ఉల్లిపాయలు, తర్వాత టమాటా, ఘాటైన మిరపకాయలు నూరిన ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. ఎగుసి పొడిని ఉల్లిముద్దతో గట్టిగా కలిపి, చెంచాతో చిన్నచిన్న ఉండలుగా అందులో జారవిడిచి మూతపెడతారు. ఇక గరిటె ముట్టుకోకూడదు! సన్న సెగ మీద మాంసకృత్తులు బిగుసుకుని ఉండలు గట్టిపడతాయి. అంచుల నుంచి ఎర్రటి నూనె పైకి తేలుతుంది. అప్పుడే కలపాలి. తొందరపడితే అంతా జావైపోతుంది. పొడిని నేరుగా నూనెలో వేయించేవాళ్లూ ఉన్నారు గానీ, పంటికింద ఉండ తగిలే సూప్‌కే నా ఓటు.

ఎండురొయ్యల పొడితో పాటు వాసన కోసం నైజీరియాలోని యోరుబా ప్రజలు ‘ఇరు’ అనే పులియబెట్టిన గింజలు వేస్తారు. అక్కడి ఇగ్బో ప్రజలు వాడే ‘ఒగిరి’ని ఆముదం గింజలు పులియబెట్టి చేస్తారు. నార్వే చలిగాలికి ఉప్పు లేకుండా ఎండిన కాడ్ చేప కూడా ఇందులో పడుతుంది. 1967–70లో నైజీరియాలో జరిగిన బయాఫ్రా అంతర్యుద్ధంలో ఆకలితో అలమటించినవాళ్లకు సాయంగా వచ్చిన ఆ చేప అక్కడి వంటల్లో మరింత స్థిరపడిపోయింది. చివర్లో ఉగు అనే ఒక రకం గుమ్మడి ఆకు తరిగి వేసి దించేస్తారు.

రోట్లో దంచిన పెండలం ముద్దనో, కర్రపెండలంతో చేసే ఎబానో తుంచి, ఈ సూప్‌లో అద్దుకు తింటారు. సంగటిని నాటుకోడి పులుసులో ముంచుకు తినే మనకు ఆ తీరు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏలూరు, ఖమ్మం తోటల్లో కాస్తున్న ఆయిల్‌పామ్ పుట్టిల్లు కూడా ఆఫ్రికా పడమటి తీరమే. శుద్ధి చేశాక మన దగ్గరికొచ్చే నూనెకు ఆ ఎరుపూ ఉండదు, ఆ వాసనా ఉండదు.

వండాలనిపిస్తే కిరాణా కొట్లో పుచ్చగింజల పప్పు అడగండి. ఎగుసికి దగ్గరి చుట్టమే. ఉగుకు బదులు పాలకూర సరిపోతుంది. కొనేముందు రెండు పప్పులు నమిలి చూడండి, కనరు వాసన వస్తే వద్దు. పొడి కూడా ఆ పూటకు కావలసినంతే కొట్టుకోండి. నూనెగింజ కదా, పొడిచేసి ఉంచితే త్వరగా పాడవుతుంది.