నాదానికి రూపం

సంగీతం చెవికి విందు. చిత్రం కంటికి విందు. ఈ రెండింటినీ ఏకం చేయాలనే ఆకాంక్ష కళాకారులకు చిరకాలంగా ఉంది. జర్మనీలో జన్మించిన ఆస్కార్ ఫిషింగర్ 1938లో 'యాన్ ఆప్టికల్ పోయమ్' అనే లఘుచిత్రాన్ని నిర్మించాడు. కాగితంతో కత్తిరించిన ఆకృతులను సన్నని తీగలకు వేలాడదీసి, కొద్దికొద్దిగా కదిలిస్తూ ఒక్కొక్క ఫ్రేమునూ చిత్రీకరించాడు. తెరమీద అవి సంగీతానికి అనుగుణంగా నర్తించాయి. నాడు చేతితో ఓపికగా చేసిన ఆ పనిని నేడు కంప్యూటరు నిమిషాలలో చేస్తోంది. పాటకు తగినట్లు కదిలే ఇటువంటి దృశ్యాన్ని 'విజువలైజర్' అంటారు.

2023 చివర సునో, 2024లో యుడియో అనే సేవలు అందుబాటులోకి వచ్చాయి. వీటికి సాహిత్యాన్నీ, కోరిన శైలినీ తెలిపితే కృత్రిమ మేధ గాత్రంతో, వాద్యాలతో పాటను కూర్చి ఇస్తుంది. అయితే ఆ పాటకు గాయకుడు లేడు, వేదిక లేదు. కాబట్టి చిత్రీకరించడానికి దృశ్యమూ లేదు. ఇంటర్నెట్‌లో వీడియోగా పంచుకోవాలంటే ఏదో ఒక దృశ్యం కావాలి. ఆ లోటును విజువలైజర్ తీరుస్తుంది.

దీని వెనుక ఉన్నది గణితమే. సీడీ ప్రమాణంలో సెకను ధ్వని 44,100 సంఖ్యలుగా నమోదవుతుంది. వీడియోలో సెకనుకు 30 ఫ్రేములుంటే, ఒక్కొక్క ఫ్రేముకు 1,470 సంఖ్యలు వస్తాయి. ఎంత జటిలమైన తరంగాన్నైనా వేర్వేరు పౌనఃపున్యాలు గల సరళ తరంగాలుగా విడదీయవచ్చునన్న భావనకు ఫ్రాన్సు గణితవేత్త ఫోరియర్ పునాది వేశాడు. ఆ లెక్కను వేగంగా చేసే పద్ధతిని 1965లో కూలీ, ట్యూకీ ప్రకటించారు. విజువలైజర్ ఈ పద్ధతితో ధ్వనిని విభజిస్తుంది. సాధారణంగా డోలు వంటి వాద్యాల గంభీరధ్వనికి ఎడమవైపు గీతలు, తాళాల సన్నని ధ్వనికి కుడివైపు గీతలు లేస్తాయి. ధ్వని హెచ్చితే గీత పెరుగుతుంది, తగ్గితే కుంగుతుంది.

యంత్రం రూపాన్ని ఇవ్వగలదు కాని, ఔచిత్యాన్ని నిర్ణయించవలసినది మనిషే. 2024లో విడుదలైన తమిళచిత్రం 'లాల్ సలామ్'లో ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గాత్రాలను కృత్రిమ మేధతో వినిపించారు. అందుకు వారి కుటుంబాల అనుమతి పొంది, పారితోషికం చెల్లించినట్లు తెలిపారు. దివంగత గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గాత్రాన్ని అనుమతి లేకుండా ఒక తెలుగు చిత్రంలో పునఃసృష్టించారని ఆయన కుటుంబం న్యాయపరమైన నోటీసు పంపిన విషయం కూడా అదే సంవత్సరం వెలుగులోకి వచ్చింది. రెండుచోట్లా వాడినది ఒకే విధమైన విజ్ఞానం. భేదమంతా అనుమతి విషయంలోనే.

నిజమని భ్రమింపజేసే కృత్రిమ అంశాలుంటే ఆ సంగతి వెల్లడించాలని యూట్యూబ్ 2024లో నియమం విధించింది. నియమం ఉన్నా లేకున్నా, సాహిత్యం ఎవరిదో, గాత్రం ఎవరిదో, యంత్రం చేసినది ఎంతో వీడియోతోపాటు తెలపడం ఉత్తమం. వినేవారి విశ్వాసాన్ని నిలుపుకొన్న పాటకే ఆ రూపం శోభనిస్తుంది.