మలుపు తిరుగు కారు - మోటారు సైకిలు

నేడు మన గ్రామములలో మోటారు సైకిలు లేని వీధి అరుదు. పాలు, కూరగాయలు, విత్తనముల సంచులు, ఆసుపత్రికి పోవు రోగులు - అన్నియు దాని మీదనే ప్రయాణము చేయుచున్నవి. శ్రీశైలము రోడ్డు పొడవున నున్న పల్లెల నుండి చాంద్రాయణగుట్ట మీదుగా హైదరాబాదు పాతబస్తీకి పోయి వచ్చువారు అనేకులు. ఆ ప్రాంతపు పేటలలో ఉప్పుగూడ యొకటి. రైల్వే స్టేషను, ఇరుకు సందులు, ఆటోలు, తోపుడు బండ్లు, దుకాణముల ముందు నిలిపిన వాహనములు గల యిట్టి చోట మోటారు సైకిలు నడుపువానికి ముఖ్యమైన అపాయము ఎటు నుండి వచ్చునో పంచాయతీ సభ్యులు తెలిసికొని, తమ గ్రామ యువకులకు తెలుపవలెనని కోరుచున్నాము.

2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై నున్నవారే.

ప్రమాదమెట్లు కలుగును?

మనవాడు తిన్నగా పోవుచుండును. ఎదుటి నుండి వచ్చు కారు కుడి వైపు సందులోనికి తిరుగుటకై రోడ్డుకు అడ్డము వచ్చును. మోటారు సైకిలు దాని ప్రక్కను ఢీకొనును. కారు నడుపువాడు "నేను చూడలేదు" అనును. పెక్కుసార్లు అది అబద్ధము కాదు. ఎదురుగా వచ్చు మోటారు సైకిలు సన్నని గీత వలె కనుపించును. కారు అద్దము ప్రక్కనున్న కమ్మి దానిని పూర్తిగా మరుగు పరచగలదు. కనుపించినను, చిన్న వస్తువు దూరముగా నున్నట్లు కంటికి తోచును గావున దాని వేగమును తక్కువగా అంచనా వేయుదురు.

అమెరికాలో హారీ హర్ట్ అను పరిశోధకుడు లాస్ ఏంజిలీస్ ప్రాంతమున దాదాపు 900 మోటారు సైకిలు ప్రమాదములను ఆయా స్థలములందే పరిశీలించి 1981లో నివేదిక వెలువరించెను. వేరొక వాహనముతో ఢీకొనిన ప్రమాదములలో సుమారు మూడింట రెండు వంతులు, ఆ వాహనము మోటారు సైకిలుకు దారి యీయకపోవుటచేతనే జరిగినవని తేలెను. అచట బండ్లు కుడి ప్రక్కన నడచును గావున ఎడమ మలుపు అపాయకరము. మనకు కుడి మలుపు అట్టిది.

ఏమి చేయవలెను?

మొదటిది వేగము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 11 మీటర్లు పోవును. అపాయమును గుర్తించుటకు ఒక సెకను, పిదప బ్రేకు పట్టుటకు వ్యవధి కలుపగా బండి ఆగునప్పటికి సుమారు 20 మీటర్లు గడచును. వేగము 60 అయినచో ఇంచుమించు 40 మీటర్లు కావలెను. కావున కూడలి కనుపించగనే వేగము తగ్గించి, బ్రేకుపై వ్రేళ్లు ఉంచవలెను.

రెండవది, ఎదుటి కారు ఇండికేటరును మాత్రమే నమ్మరాదు; ముందు చక్రమును చూడవలెను. చక్రము తిరుగ నారంభించినచో కారు తిరుగనున్నదని గ్రహించవలెను. బస్సు లేక లారీ వెనుక దాగి కూడలి దాటరాదు. ఎదుటివానికి మనము కనుపించము. పగలు సైతము ముందు దీపము వెలుగుచుండవలెను. 2017 ఏప్రిల్ నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు దీపము తనంతట వెలుగు ఏర్పాటు చేయబడినది. పాత బండ్లవారు తామే వెలిగించుకొనవలెను.

మూడవది శిరస్త్రాణము. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెటును గడ్డము క్రింద పట్టీ బిగించి ధరించిననే ఫలము. వెనుక కూర్చున్నవారికిని అది అవసరమే.

పంచాయతీ కర్తవ్యము

గ్రామ కూడలి వద్ద చూపునకు అడ్డమగు ముళ్లపొదలను, ప్రకటన పలకలను తొలగింపవలెను. వీధి దీపములు వెలుగునట్లు చూడవలెను. బాలురకు బండి యిచ్చినచో 2019 సవరణ చట్టము ప్రకారము తండ్రికి మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చునని గ్రామసభలో తెలుపవలెను. గాయపడినవారికి సాయపడుటకు జంకవలదనియు చెప్పవలెను. సాయపడినవానిని తన పేరు చెప్పుమని నిర్బంధింపరాదని అదే చట్టము రక్షణ కల్పించినది. 108కి ఫోను చేయుట ప్రతి ఇంట తెలిసియుండవలెను.

తప్పు కారు నడుపువానిదే కావచ్చును. కాని ఆ తీర్పు వినుటకు మన గ్రామ యువకుడు బ్రతికి యుండవలెను. దారి తనదే యైనను మలుపు వద్ద ఒక క్షణము నిదానించువాడు సాయంకాలమునకు ఇల్లు చేరును.