పవర్ బ్యాంకు – వడ్డీ ఇవ్వని బ్యాంకు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. నగరంలో అనేక ప్రాంతాలు కొన్ని రోజులపాటు చీకట్లోనే ఉండిపోయాయి. అటువంటి సమయంలో ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు “మేం క్షేమం” అని ఒక్క ఫోను చేయగలిగితే ఎంత ధైర్యం! అందుకే చాలా ఇళ్ళల్లో పవర్ బ్యాంకు కొని ఉంచుకుంటారు. కాని ఏడాదిపాటు బీరువాలో పడి ఉన్న పవర్ బ్యాంకు తీరా అవసరం వచ్చేసరికి పనిచేయకపోవచ్చు. ఎందుచేత?

లోపల ఏముంది?

చాలా పవర్ బ్యాంకులలో ఉండేవి లిథియం అయాన్ ఘటాలు. ఇవి 1991లో మొదటిసారి మార్కెట్టులోకి వచ్చాయి. వీటిని రూపొందించిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఘటంలో ఒక పక్క లిథియం కలిసిన లోహ ఆక్సైడు, మరో పక్క గ్రాఫైటు ఉంటాయి. మీ పెన్సిలులో ఉండేది కూడా గ్రాఫైటే! చార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ఆక్సైడును వదలి, మధ్యనున్న ద్రవం గుండా వచ్చి, గ్రాఫైటు పొరల మధ్య దూరతాయి. పుస్తకం పేజీల మధ్య మీరు నెమలీక దాచుకోరూ? అలాగే. ఎలక్ట్రానులు మాత్రం బయటి తీగ గుండా వస్తాయి. ఫోనుకు కరెంటు ఇచ్చేటప్పుడు ఇదంతా తిరుగుదారిలో జరుగుతుంది.

లెక్క చూద్దాం

పవర్ బ్యాంకు మీద 10,000 మిల్లీ ఆంపియర్ గంటలు అని ఉన్నదనుకోండి. మీ ఫోను బ్యాటరీ 5,000. అంటే రెండుసార్లు నింపవచ్చునా? నింపలేం. ఆ అంకె లోపలి ఘటానిది. దాని వోల్టేజి సుమారు 3.7. కనుక శక్తి 10 × 3.7 = 37 వాట్ గంటలు. ఫోనుకు 5 వోల్టులు అందించాలంటే వోల్టేజిని పెంచాలి. 37ను 5తో భాగిస్తే 7.4 ఆంపియర్ గంటలే వస్తాయి. అందులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ఫోను నిండేటప్పుడు మరికొంత పోతుంది. చివరకు మీ ఫోను నిండేది సుమారు ఒకటిన్నర సార్లు. ఈ బ్యాంకు వడ్డీ ఇవ్వదు సరికదా, వేసిన సొమ్ములో కోత కూడా పెడుతుంది!

ఎలా కాపాడుకోవాలి?

వాడకపోయినా ఘటం మెల్లగా ఖాళీ అవుతూనే ఉంటుంది. మరీ అడుగంటితే అందులోని రాగి రేకు ద్రవంలో కరగడం మొదలవుతుంది. ఆ ఘటం మళ్ళీ కోలుకోకపోవచ్చు. బీరువాలోని పవర్ బ్యాంకుకు జరిగేది ఇదే. అలాగని ఎప్పుడూ నిండుగా ఉంచడమూ మంచిది కాదు. నిండుగా ఉన్నప్పుడు, అందులోనూ వేడిలో, లోపల అనవసరపు రసాయన చర్యలు జోరుగా సాగి ఘటం త్వరగా ముసలిదవుతుంది.

కాబట్టి దాచేటప్పుడు సగం చార్జితో చల్లని చోట ఉంచండి. రెండు మూడు నెలలకొకసారి తీసి చూసి, తగ్గినంత నింపండి. తుపాను హెచ్చరిక వినగానే పూర్తిగా నింపండి. పూర్తిగా ఖాళీ అయ్యాకే చార్జి చేయాలని ఎవరైనా చెబితే, అది పాత నికెల్-కాడ్మియం ఘటాల నాటి మాటని గుర్తుంచుకోండి.

జాగ్రత్త!

ఎండలోనూ, తలుపులు మూసిన కారులోనూ, దిండు కిందా పవర్ బ్యాంకు పెట్టకండి. అది ఉబ్బిందంటే లోపల వాయువు పుట్టిందన్నమాట. ఇక వాడకూడదు. గుచ్చడం, నొక్కడం, విప్పడం చేశారో, మంట లేవవచ్చు! చెత్తకుండీలో వేయకుండా పెద్దలకు చెప్పి, పాత ఎలక్ట్రానిక్ వస్తువులు సేకరించే చోట ఇప్పించండి. విమానంలో దీన్ని సామానుతో పాటు కింద వేయనివ్వరు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మంట లేచినా వెంటనే కనిపెట్టి ఆర్పడానికే ఈ నియమం.

మీ ఇంట్లో పవర్ బ్యాంకు ఉంటే ఈ రోజే బయటికి తీయండి. వెనకనున్న చిన్న అక్షరాలు చదివి, వాట్ గంటలెన్నో లెక్క కట్టండి. దానిలో చార్జి ఎంత మిగిలి ఉన్నదో కూడా చూడండి. తుపాను వచ్చాక చూస్తే లాభం లేదు కదా!